లోకవ్యవహారములు - తోడి విద్యార్థులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. ఇచట పుస్తకములు తీసికొని చదివి పెరిగిన పిల్లలలో నేనొకడను. ఇందరు పెద్దలు కూర్చున్న సభలో ఉపన్యసించుటకు నాకు వయస్సు చాలదు, పాండిత్యమును చాలదు. అయినను నేను విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ సంబంధములను గూర్చి చదివితిని గావున, ఆ విషయమున అభిరుచిగల తోడి విద్యార్థులను ఎట్లు కలిసికొంటిని, వారివలన ఏమి నేర్చుకొంటిని అను సంగతి చెప్పిన చాలునని వారు సెలవిచ్చిరి. కన్నది విన్నది చెప్పుటకు పాండిత్యముతో పనిలేదు గనుక అంగీకరించితిని.

సెలవులకు వచ్చినపుడెల్ల మన ఊరి పెద్దలు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. "ఏమిరా అబ్బాయీ! ఐక్యరాజ్యసమితి గొడవ మన ఊరికెందుకు? కాలువకు నీళ్లు ఎప్పుడు వదలుదురో చెప్పగలవా?" అని. ఈ ప్రశ్నను నేను తేలికగా తీసికొనలేదు. చదివిన చదువు ఊరికి పనికివచ్చునా రాదా అని అడుగు హక్కు ఊరికి ఉన్నది. నేటి నా ఉపన్యాసమంతయు ఒక విధముగా ఆ ప్రశ్నకు సమాధానమే.

మొదట ఒక సంగతి మనవి చేసెదను. దేశాంతర వ్యవహారములు మన తెలుగు పల్లెలకు క్రొత్తవి కావు. మన తాతల కాలమున కోస్తా జిల్లాలనుండి వేలకొలది జనులు కూలి పనులకై ఓడలెక్కి రంగూను వెళ్లిరి. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలకును బర్మా కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించుకొనగా మనవారు కొండలు, అడవులు దాటుచు కాలినడకను స్వదేశమునకు వచ్చిరి. 1962లో అచట సైనిక ప్రభుత్వము ఏర్పడిన పిమ్మట దుకాణములు, వ్యాపారములు జాతీయము చేయబడగా మరల వేలమంది కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ కథను చెప్పుచున్నది. ఈ కూలీలలో ఎవరును అంతర్జాతీయ సంబంధములను చదువలేదు. అయినను ఆ సంబంధములు వారి గంజికుండను తన్నినవి.

నేటి సంగతి చూడుడు. మన చేలకు వేయు పొటాషు ఎరువు దాదాపు అంతయు విదేశములనుండి రావలసినదే. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాను మొదలగు దేశములు దానిని పంపుచున్నవి. 2022 ఫిబ్రవరి 24న రష్యాసేనలు ఉక్రెయినుపై దండెత్తగా మన వంటయిండ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయెను. ఏలన, మనము దిగుమతి చేసికొను ఆ నూనెలో అధిక భాగము ఆ రెండు దేశములనుండియే వచ్చుచుండెను. మన జిల్లాలనుండి గల్ఫు దేశములకు వెళ్లిన తల్లులు, అన్నదమ్ములు ఎందరో మీకే తెలియును. కనుక లోకవ్యవహారము మన గడప దాటి లోపలికి వచ్చి చాల కాలమైనది. దానిని గుర్తుపట్టుటయే మిగిలియున్నది.

ఈ శాస్త్రము ప్రత్యేక విద్యగా ఏర్పడి నూరేండ్లు దాటినది. మొదటి ప్రపంచ యుద్ధములో లక్షలమంది మరణించిన తరువాత, యుద్ధములు ఏల వచ్చుచున్నవో విచారింపవలెనను సంకల్పముతో 1919లో వేల్స్ దేశమున ఆబరిస్ట్విత్ కళాశాలలో దీనికి మొదటి ఆచార్య పీఠము నెలకొల్పిరి. మన దేశమున 1955లో ఢిల్లీలో భారత అంతర్జాతీయ అధ్యయన విద్యాలయము ఏర్పడెను; తరువాత అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో చేరినది. అనగా ఈ విద్య శవముల గుట్టలు చూచిన మనుష్యుల దుఃఖమునుండి పుట్టినది గాని, ఏదో ఊసుపోక పుట్టినది కాదు.

నేను 2022లో హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయమున చేరితిని. వసతిగృహమున నాతో ఉన్నవారు మంచివారు. కాని వారి ధ్యాసయంతయు ఉద్యోగ పరీక్షలమీద, కంప్యూటరు కోర్సులమీద ఉండెను. అందు తప్పేమియు లేదు. ఇంటివద్ద అప్పులున్నవారు ఉద్యోగము సంగతి ఆలోచింపక ఏమి చేయుదురు? కాని రాత్రి భోజనమైన తరువాత, ఫలానా దేశముల నడుమ సంధి ఏల చెడినదో అని ఒక మాట మాట్లాడుకొనుటకు మనిషి లేకపోవుట గొప్ప వెలితి. ఆకలిగొన్నవానికి అన్నము దొరకవచ్చును. ముచ్చట్లకు ఆకలిగొన్నవానికి తోడు దొరకుట కష్టము.

ఆ తోడు నాకు పత్రికల బల్లవద్ద దొరికెను. వసతిగృహపు చదువుగదిలో ప్రతి ఉదయము నేను వెళ్లునప్పటికి పత్రికలోని విదేశ వార్తల పుట మాత్రము ఎవరో తీసి చదివి, చక్కగా మడిచి, పైన పెట్టియుండిరి. నాలుగు రోజులు చూచి, ఐదవనాడు తెల్లవారుజామున లేచి వెళ్లితిని. అచట శ్రీకాకుళము తీరమునుండి వచ్చిన విద్యార్థి యొకడు కూర్చుండియుండెను. "నీకీ వార్తలేల?" అని నేనడుగగా, అతడు "మా పేటవారు పాకిస్తాను చెరలో పదునాలుగు నెలలున్నారు. అప్పటినుండి మా ఊరిలో ఈ పుట చదువనివారు లేరు" అని చెప్పెను.

ఆ వృత్తాంతము మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు స్వస్థలమున చేపలవేట గిట్టుబాటు కాక గుజరాతులోని వేరావలు రేవునకు పోయి, అచటి పడవలపై కూలికి వేటాడుదురు. 2018 నవంబరులో వారి పడవలు సముద్రపు సరిహద్దు దాటినవని పాకిస్తాను అధికారులు పట్టుకొనిరి. నేలమీద సరిహద్దునకు కంచె ఉండును, రాయి ఉండును. నీటిమీద ఏమి యుండును? అందునను సర్ క్రీక్ అను ఉప్పుటేటి ప్రాంతమున ఉభయ దేశముల నడుమ హద్దు నేటికిని తేలలేదు. తుదకు 2020 జనవరి 6న వారిలో 20 మందిని వాఘా సరిహద్దువద్ద మనవారికి అప్పగించిరి.

ఆ మిత్రుడు నాకు మరియొక సంగతి చెప్పెను. 2008లో భారత, పాకిస్తానులు ఒక ఒడంబడిక చేసికొన్నవి. దాని ప్రకారము ప్రతి సంవత్సరము జనవరి 1న, జూలై 1న ఒకరి చెరలో ఉన్న రెండవవారి ఖైదీల జాబితాలను, మత్స్యకారుల పేర్లతోసహా, ఇచ్చిపుచ్చుకొనవలెను. "యుద్ధము మాట వినబడు రోజులలో కూడ ఆ కాగితము చేతులు మారుచున్నది. మా ఊరి ఆడవారు సంవత్సరమున రెండు పండుగలవలె ఆ రెండు తేదీలకొరకు కాచుకొనియుండిరి" అని అతడనెను. సంధిపత్రము అనునది ఎంత విలువగలదో నాకు ఏ గ్రంథమును అంత స్పష్టముగ చెప్పలేదు.

ఒకరిద్దరైనచో మూడవవాడు వచ్చుట సులభము. క్రమముగా మేము ఆరుగురమైతిమి. జగిత్యాల ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థిని యొకతె చేరెను. ఆమె తండ్రి పదునెనిమిదేండ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు, అన్న అప్పటికి కతారులో ఉండెను. పాతబస్తీనుండి ఉర్దూ చక్కగా తెలిసిన మిత్రుడొకడు వచ్చెను. ఉక్రెయినులో వైద్యవిద్య చదువుచు, యుద్ధము రాగానే తిరిగి వచ్చిన సోదరి యొకతె మాలో ఒకరికి బంధువు. తన చదువు సంగతి తేలువరకు నగరముననే యుండి ఆమెయు మా గోష్ఠికి వచ్చుచుండెను. ఆరవవాడు ఆఫ్గన్ దేశస్థుడు. మన ప్రభుత్వ విద్యార్థివేతనముపై చదువ వచ్చినవాడు. 2021 ఆగస్టులో కాబూలు తాలిబానుల వశమైన తరువాత ఇంటికి పోవు దారి లేక నిలిచిపోయినవాడు.

మీరు గమనింపుడు. మాలో ఎవరును దేశపటమును చూచి ముచ్చటపడి ఈ విషయమునకు రాలేదు. ఒకనికి సముద్రము, ఒకతెకు గల్ఫు, ఒకతెకు యుద్ధము, ఒకనికి పోయిన ఇల్లు దారి చూపినవి. ఎక్కువమంది సామాన్య కుటుంబములవారే. రాయబారుల బిడ్డలు, మంత్రుల బిడ్డలు చదువవలసిన చదువు ఇదియని కొందరనుట విన్నాను. నేను చూచినంతవరకు దీని అవసరము పేదవానికే ఎక్కువ. ధనికునికి పరదేశమున ఆపద వచ్చిన వకీలు ఉండును. పేదవానికి రెండు ప్రభుత్వముల నడుమ వ్రాసికొన్న ఒక కాగితమే దిక్కు.

ఆదివారము సాయంకాలము గ్రంథాలయపు వెనుక వేపచెట్టు క్రింద కూడుకొనుచుంటిమి. తొలినాళ్లలో పద్ధతి లేదు. అందరును ఒక్కసారిగా మాట్లాడెడివారము. పిమ్మట కొన్ని నియమములు చేసికొంటిమి. వారమునకు ఒకే విషయము. దానిని గూర్చి వ్యాఖ్యానము చదువుటకు ముందు మూలమును చదువవలెను. సంధియైన సంధినే, తీర్మానమైన తీర్మానమునే. ఐక్యరాజ్యసమితి నిబంధన పత్రమున 111 అధికరణములు కలవు. వారమునకు కొన్ని చొప్పున వరుసగా చదివితిమి. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పత్రముపై సంతకము చేసిన దేశములలో, అప్పటికింకను స్వతంత్రముకాని మన దేశము కూడ ఉన్నదని తెలిసి ఆశ్చర్యపడితిమి. ఆనాడు 51 దేశములతో ఆరంభమైన సమితిలో నేడు 193 దేశములున్నవి. సాధారణ సభలో చిన్న ద్వీపమునకును పెద్ద రాజ్యమునకును ఒక్కొక్క ఓటే. భద్రతా మండలిలో మాత్రము 15 మందిలో ఐదుగురు శాశ్వత సభ్యులు. వారిలో ఒక్కరు కాదన్నను తీర్మానము నిలువదు. మన ఊరి పంచాయతీలో ఐదు ఇండ్లవారికి మాత్రము ఇట్టి హక్కున్నచో ఏమగునో ఊహించుకొనుడు. దీనిని మార్చవలెనని మన దేశముతోసహా అనేక దేశములు కోరుచున్నవి. కాని ఆ మార్పునకు కూడ ఆ ఐదుగురి అంగీకారమే కావలెను.

మాకు అడ్డుతగిలినది ఒకటి భాష. పుస్తకములన్నియు ఇంగ్లీషున ఉండెను. పల్లెలనుండి వచ్చిన మాకు ఆ మాటలు నోట పలుకుట వచ్చెను గాని మనస్సున దిగలేదు. అప్పుడు ప్రతి మాటకును తెలుగు మాట వెదకి వ్రాసికొనసాగితిమి. వెదకగా మన యింటనే ఎంత ధనమున్నదో తెలిసినది. సంధి, విగ్రహము, యానము, ఆసనము, ద్వైధీభావము, సంశ్రయము అని మన రాజనీతి గ్రంథములు ఆరు గుణములు చెప్పినవి. ఒడంబడిక చేసికొనుట, కలహించుట, దండెత్తుట, ఊరకుండుట, ఇరువురితోను రెండు విధముల మెలగుట, బలవంతుని ఆశ్రయించుట. నేటి పత్రికలలోని వార్త ఏదియైనను ఈ ఆరింటిలో ఎక్కడనో ఒకచోట ఒదుగును. ఇక శ్రీకృష్ణ రాయబారము తెల్లవార్లు కూర్చుండి చూచిన మనవారికి రాయబారి యననేమో, అతడు రెండు పక్షములకును వినబడునట్లు ఎట్లు మాటలాడవలెనో ఎవరు చెప్పవలెను? ఈ మాటల పట్టికను మా ఆఫ్గన్ మిత్రుడు చూచి, తన దారీ భాషలో కూడ అట్టి పట్టిక వ్రాసికొనెను. వకీలు, రాజీ, దస్తావేజు మొదలగు మాటలు ఇరువైపుల కలియుట చూచి చాలసేపు నవ్వుకొంటిమి.

ఒకనాడు మా గోష్ఠి విరిగిపోవలసినదే. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ రష్యా దాడిని ఖండించుచు తీర్మానము చేసెను. 141 దేశములు అనుకూలముగను, 5 ప్రతికూలముగను ఓటు చేసినవి. 35 దేశములు తటస్థముగ ఉండెను. అందు భారతదేశ మొకటి. దీనిని చర్చకు పెట్టినపుడు వైద్యవిద్యార్థిని ఆగలేకపోయెను. "నేను నేలమాళిగలో రాత్రులు గడిపితిని. సరిహద్దు వరకు నడిచితిని. నాకు రొట్టె యిచ్చిన ముసలమ్మ ఇల్లు నేడు ఉన్నదో లేదో తెలియదు. తటస్థమనగా ఏమి?" అని అడిగెను. జగిత్యాల సోదరి అంతే తీవ్రముగ బదులు చెప్పెను. "నిన్ను, నీతోటివారిని క్షేమముగ తీసికొని రావలెనన్న ఉభయ పక్షములతోను మాట్లాడు ముఖము మన దేశమునకు ఉండవలెను. ఆపరేషన్ గంగ పేర విమానములు నడిపి, 22 వేలకు పైగా మనవారిని వెనుకకు తెచ్చుట ఆ ముఖము లేక సాధ్యమయ్యెడిదా? మన ఎరువు, మన నూనె, మన ఆయుధములు ఎక్కడనుండి వచ్చుచున్నవి?" అని. ఇద్దరి కన్నులలోను నీరు నిండెను. ఇద్దరును లేచి వెళ్లిపోయిరి.

రెండు వారములు గోష్ఠి జరుగలేదు. మూడవ వారము పాతబస్తీ మిత్రుడు అందరి గదులకును పోయి పిలుచుకొని వచ్చెను. ఆనాడు మన పూర్వుల వాదపద్ధతి మాకు అక్కరకు వచ్చెను. శాస్త్రవాదమున మొదట పూర్వపక్షము చెప్పవలెను. అనగా ఎదిరి మాటను ఎదిరివాడు మెచ్చునట్లుగా తాను చెప్పవలెను. అటుపిమ్మటనే తన సిద్ధాంతమునకు చోటు. దీనిని నియమముగ పెట్టుకొంటిమి. వైద్యవిద్యార్థిని తటస్థత పక్షమును చెప్పెను; జగిత్యాల సోదరి ఉక్రెయిను పక్షమును చెప్పెను. ఒకరి అభిప్రాయము ఒకరు స్వీకరింపలేదు. ఆ రాత్రియు భేదము అట్లే యుండెను, నేటికిని ఉన్నది. కాని "నా మాటను నాకంటె నీవే బాగుగ చెప్పితివి" అని వైద్యవిద్యార్థిని అనెను. అభిప్రాయములు కలియుటకంటె అది గొప్ప సంగతియని నేను తలంచుచున్నాను.

మరునటి సంవత్సరము మా విశ్వవిద్యాలయమున నమూనా ఐక్యరాజ్యసమితి సభ జరిపిరి. ఇది విద్యార్థులు ఆడు నాటకము వంటిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క దేశము అప్పగింతురు; ఆ దేశపు ప్రతినిధిగా వాదింపవలెను. 1920 తరువాతి దశకమున అమెరికా విద్యార్థులు నానాజాతి సమితిని అనుకరించుచు ఇట్టి సభలను ఆరంభించిరి. ఆ ఏడాది విషయము ఆహార ధాన్యముల ఎగుమతిపై ఆంక్షలు. జగిత్యాల సోదరికి భారతదేశము వచ్చెను. నాకు వచ్చినది సెనెగలు.

సెనెగలు పడమటి ఆఫ్రికా కొనయందు సముద్రతీరముననున్న దేశము. 2023 జనగణన ప్రకారము జనసంఖ్య సుమారు 1 కోటి 80 లక్షలు. ఆ దేశమును గూర్చి చదువబోయి ఒక వింత తెలిసికొంటిని. వారికి ప్రీతియైన అన్నము నూకల అన్నము! ఫ్రెంచివారు పాలించిన కాలమున, తమ పాలనలోనే యున్న వియత్నాము ప్రాంతపు మిల్లులలో మిగిలిన నూకలను చౌకగా తెచ్చి అచట అమ్మిరి. తరములు గడచునప్పటికి ఆ నూకలే వారి రుచియైనవి. చేపలతో, కూరగాయలతో నూకలను వండు 'చెబు జెన్' అను వంటకము వారి జాతీయ భోజనము. 2021లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక సంపదల జాబితాలో చేర్చినది. మన యింట ఉప్పుడు పిండికి కొన్ని ఉంచుకొని, తక్కిన నూకలు కోళ్లకు వేయుదుము గదా! ఆ నూకలే ఆ దేశమున విందుభోజనము. ఆ నూకలలో చాల భాగము మన భారతదేశమునుండి పోవునవే.

2022 సెప్టెంబరులో మన ప్రభుత్వము నూకల ఎగుమతిని నిషేధించెను. 2023 జూలై 20న బాసుమతికాని తెల్ల బియ్యపు ఎగుమతిని కూడ నిషేధించెను. ప్రపంచమున దేశములు దాటి అమ్ముడగు బియ్యములో సుమారు 40 శాతము మనదే. కనుక మనము తలుపు మూసినచో ప్రపంచమంతట ధర పెరుగును. అమెరికాలోని తెలుగువారు దుకాణములకు పరుగెత్తి సోనామసూరి సంచులు పోగుచేసికొన్న సంగతి ఆనాడు మనము పత్రికలలో చదివితిమి. వారికది రుచికి వచ్చిన ఇబ్బంది. డాకారు నగరమున కూలివానికది పూటకు వచ్చిన ఇబ్బంది.

నేను గోదావరి డెల్టాలో వరి పండించు ఇంటివాడను. నా దేశమునకు ఎదురుగా నిలిచి నా పొలమున పండిన గింజలను అడుగవలసి వచ్చెను. "మా దేశమున జనులు మీ మిల్లులలో రాలిన నూకలు తిని బ్రతుకుచున్నారు. మీరు చెప్పాపెట్టక తలుపు మూసినచో మేమెక్కడికి పోవలెను?" అని అడిగితిని. మనలో చావు దగ్గరపడినవానిని గూర్చి 'వానికి నూకలు చెల్లినవి' అందుము. ఆ మాటను ఒక దేశమంతటికిని వర్తింపజేయరాదని తెలుగుననే చెప్పి, తరువాత ఇంగ్లీషున వివరించితిని.

భారత ప్రతినిధి ఏమియు తగ్గలేదు. "మా దేశమున 80 కోట్లమందికి ప్రభుత్వము ఉచితముగ ధాన్యము ఇచ్చుచున్నది. వానలు సరిగా కురియని ఏడాది ఇది. మా పేదవాని కంచములో అన్నము చూచుకొనకుండ పరదేశమునకు పంపుట ఏ ధర్మము?" అని అడిగెను. ఆ మాటయు సత్యమే. ఇక మూడవ పక్షము ఒకటి ఉన్నది. అది ఆ సభలో ఎవరికిని అప్పగింపబడలేదు. అది మా తండ్రి పక్షము. ఎగుమతి ఆగినపుడు కల్లమువద్ద ధాన్యపు ధర పడిపోవును. లోకమున బియ్యము ప్రియమైన ఏడాదియే పండించినవానికి లాభము రాకుండుట ఎంత విడ్డూరము! నేను సెనెగలు కుర్చీలో కూర్చుండియే ఈ మూడవ పక్షమును సభకు వినిపించితిని. ఎగుమతి తెరచినచో సెనెగలు కూలివాడును, గోదావరి రైతును ఒకే ఒడ్డున ఉందురని చూపితిని.

చర్చ రెండు రోజులు జరిగెను. తుదకు కుదిరిన తీర్మానము ఇది: ఆహార నిషేధములు విధించు దేశము ముందుగా తెలుపవలెను, దిగుమతిపైననే ఆధారపడిన పేద దేశములకు, ఆ ప్రభుత్వములు కోరినపుడు, నిర్ణయించిన పరిమాణము పంపవలెను, పండించినవాని నష్టమును ప్రభుత్వము విచారింపవలెను. మా తీర్మానమునకు ఏ విలువయు లేదు; పిల్లల తీర్మానమును ఎవరు లెక్కపెట్టుదురు? కాని వాస్తవముగ మన ప్రభుత్వమువారు కూడ, కొన్ని దేశములు కోరగా, ఆహార అవసరము దృష్ట్యా ఆ దేశములకు పరిమాణము నిర్ణయించి అనుమతులు ఇచ్చిరి. వానిలో సెనెగలు ఉన్నది. 2024 సెప్టెంబరులో తెల్ల బియ్యముపైనను, 2025 మార్చిలో నూకలపైనను నిషేధములు తొలగింపబడినవి. వేపచెట్టు క్రింద కూర్చుండి ఆలోచించినవారికిని, ఢిల్లీలో కూర్చుండి ఆలోచించినవారికిని న్యాయమైన మార్గము దాదాపు ఒకటిగనే తోచుట మాకు ధైర్యము కలిగించినది.

సభ ముగిసిన రాత్రి ఆఫ్గన్ మిత్రుడు మా అందరికిని పలావు వండిపెట్టెను. అతనికి ఆ సభలో ఒక యూరపు దేశము వచ్చెను. చక్కగా వాదించి మెప్పు పొందెను. "నాకు నా దేశమే వచ్చియున్నచో ఏ పతాకము ముందు పెట్టుకొని కూర్చుండవలెనో తెలియదు" అని నవ్వుచు అనెను. ఆ నవ్వులో మేమెవరమును పాలుపంచుకొనలేకపోతిమి. కొలది నెలలకే, 2023 నవంబరులో, ఢిల్లీలోని పాత ఆఫ్గన్ ప్రభుత్వపు రాయబార కార్యాలయము శాశ్వతముగ మూసివేయుచున్నట్లు ప్రకటన వచ్చెను. మనకు రాయబార కార్యాలయ మనగా ఒక పెద్ద మేడ, జెండా. అతనికది పాసుపోర్టు గడువు పొడిగించు ముద్ర, పట్టా నిజమైనదని చెప్పు సంతకము. రాజ్యము పోయినవానికి మొదట పోవునది ముద్ర వేయు చేయి. ఇది మేము అతనివద్ద నేర్చుకొన్న పాఠము.

ఆ ఆరుగురము నేడు ఆరుచోట్ల ఉన్నాము. శ్రీకాకుళపు మిత్రుడు తన తీరమునకే పోయి మత్స్యకారుల పిల్లలకు చదువు చెప్పుచు, వేటకు పోవువారికి సరిహద్దు సంగతులు బోధించుచున్నాడు. వైద్యవిద్యార్థిని జార్జియా దేశమునకు పోయి చదువు ముగించెను. ఆఫ్గన్ మిత్రుడు మూడవ దేశమున ఉన్నాడు. పండుగకు తప్పక పలుకరించును. మా నడుమ భేదాభిప్రాయములు నేటికిని ఉత్తరములలో సాగుచునే యున్నవి.

ఇక మన గ్రంథాలయమునకు నేను విన్నవించుకొనవలసినది కొంచెము కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర గ్రంథాలయము ఉండవలెనని తిరిగిరి. 1935లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊళ్లకు పంపిన ఘనత మనవారిది. పాఠకుడు పుస్తకమువద్దకు రాలేనిచో పుస్తకమే పాఠకునివద్దకు పోవలెనని వారు తలంచిరి. ఆ సంప్రదాయమున పుట్టిన మన గ్రంథాలయము ఇప్పుడు లోకమును కూడ మన ఊరివద్దకు తేవలెనని నా ప్రార్థన.

ఇందుకు ధనము అట్టే అవసరము లేదు. గోడకు ఒక పెద్ద ప్రపంచపటము కావలెను. మన ఊరివారు ఎవరెవరు ఏయే దేశమున ఉన్నారో దానిపై గుర్తులు పెట్టవలెను. గల్ఫు దేశములకు పోదలచినవారికొరకు ఒక అరలో అవసరమైన కాగితములు తెలుగున ఉంచవలెను. ప్రవాసమునకు అనుమతి పత్రము ఎవరికి కావలెను, 1983 నాటి చట్టమున దళారీని గూర్చి ఏమున్నది, ఆపద వచ్చినచో మన రాయబార కార్యాలయమునకు ఎట్లు తెలుపవలెను అనునవి అందుండవలెను. విమానమెక్కుటకు ముందు ఆ అరను చూచి పోవు ఆడపడుచు ఒక్కతె మోసపోకుండిన చాలును, మన ప్రయత్నము ఫలించినట్లే. చివరగా, వారమునకు ఒక గంట మన యువతీయువకులు కూడుకొని ఒక విదేశ వార్తను చదివి చర్చింపవలెను. ఎదిరి మాటను ముందు చెప్పి, తన మాటను తరువాత చెప్పు నియమము అచట ఉండవలెను. ఈ నియమము అలవడినచో దేశముల తగవుల మాట యెట్లున్నను, మన ఊరి తగవులలో సగము తీరునని నా నమ్మకము.

తోడు కొరకు నేను హైదరాబాదు పోవలసి వచ్చెను. నా తరువాతి పిల్లలకు ఆ తోడు ఈ బల్లవద్దనే దొరకవలెనని నా కోరిక. నేడీ సభలో వెనుక వరుసలో కూర్చున్న పిల్లలలో విదేశ వార్తల పుటను మొదట తీయువాడొకడు, దానికొరకు కాచుకొనియుండునది యొకతె తప్పక ఉందురు. వారిద్దరిని ఒకరికొకరిని చూపుట గ్రంథాలయముయొక్క పని.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము కూడ జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.